పత్రిలో విషం మొక్కలు: గుర్తుపట్టడం ఎలా, నోట్లో పడితే ఏం చేయాలి

వినాయక చవితికి వాడే 21 పత్రిలో మూడు కడుపులోకి పోకూడనివి ఉన్నాయి. పూజలో దత్తూర అని చదివేది ఉమ్మెత్త, కరవీర అంటే గన్నేరు, అర్క అంటే జిల్లేడు. పూజయ్యాక ఆ ఆకులు పిల్లలకీ, మేకలకీ అందేచోట పడేయకండి.

ఉమ్మెత్త పూత, కాయ మీదుంటే తేలిగ్గా తెలిసిపోతుంది: గరాటాలాంటి తెల్ల పువ్వో ఊదా పువ్వో, ముళ్లున్న గుండ్రటి కాయ. చిక్కంతా లేత మొక్కతోనే, ఆకు వంగాకును పోలి ఉంటుంది కాబట్టి చేలగట్ల మీద కూరాకు గిల్లేటప్పుడు కలిసిపోవచ్చు. మీరు ఖాయంగా పేరు చెప్పలేని ఆకు కూరలో వేయొద్దు, అంతే.

పొరపాటున తింటే కాసేపటికే నోరు పిడచకట్టుకుపోతుంది, ఒళ్లు కాలిపోతుంటుంది గానీ చెమట పట్టదు, కంటిపాపలు పెద్దవై వెలుతురు చూడలేరు, ఆ తర్వాత ఎదురుగా లేనివాళ్లతో మాటలు, గాల్లో ఏదో ఏరుతున్నట్టు వేళ్లాడించడం మొదలవుతాయి. దయ్యం పట్టిందని మంత్రగాడి దగ్గరికి పరిగెత్తేది ఇక్కడే. మత్తు కోసం కావాలని తినే కుర్రాళ్లూ ఉన్నారు, వాళ్లకి ఒకటే మాట: ఒకే మొక్కలో కూడా కాయకీ కాయకీ విషం తేడా ఉంటుంది, ఇంత తింటే ఫర్వాలేదు అనే లెక్క ఎవరి దగ్గరా లేదు.

గన్నేరు మత్తెక్కించదు, గుండె మీద పడుతుంది. ఎర్ర గన్నేరైనా, ఆకుపచ్చ కాయలు కాసే పచ్చ గన్నేరైనా అంతే. ముందు వాంతులు, తర్వాత నాడి తప్పడం. మనిషి తేరుకున్నట్టు కనిపించినా ఈసీజీ తీయించాల్సిందే.

పత్రిలో లేకపోయినా నేపాళం గురించి చెప్పాలి, కొందరు అడవి ఆముదం అంటారు. కంచెకి నాటుతారు, గింజ తియ్యగా ఉంటుంది, అందుకే బడి పిల్లలు గుంపుగా తిని వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేరుతుంటారు. గురివింద గింజ మింగితే చాలాసార్లు అలాగే బయటికొచ్చేస్తుంది, కానీ నమిలినా, దండకోసం రంధ్రం చేసినదైనా ప్రమాదం, పైగా లక్షణాలు ఆలస్యంగా బయటపడొచ్చు.

ఏది తిన్నా ఉప్పునీళ్లు, చింతపండు రసం, పేడనీళ్లు తాగించి కక్కించొద్దు, మగతలో ఉన్నవాళ్లకి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో మిగిలింది తీసేసి పుక్కిలింపించి, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. తిన్న మొక్క కొమ్మ, ఆకూ కాయా ఉన్నది, కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి. ఊరికో పేరుంటుంది, డాక్టరుకి మీరు చెప్పే పేరు కంటే ఆ కొమ్మే ఎక్కువ పనికొస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే మాత్రం ముందు పావుగంట ధారగా నీళ్లతో కడగండి, నొప్పి లేకపోయినా అదే రోజు కంటి డాక్టరుకి చూపించండి.