మిల్లింగ్ నేర్చుకుందాం – 4వ భాగం: సన్నటి గాడికి స్పీడ్ ఎంత, ఫీడ్ ఎంత?

పోయిన భాగంలో సైడ్ మిల్లింగ్ (కట్టర్ పక్క అంచుతో కోయడం) లెక్కలు చూశాం కదా, అవే అంకెలు తెచ్చి 4 ఎంఎం గాడిలో పెడితే కట్టర్ విరుగుతుంది. అందుకే దీనికి విడిగా ఒక పాఠం. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి, లెక్కలు చిన్నవే.

ఈసారి జాబ్ ఇది: 12 ఎంఎం ఈఎన్8 (మధ్యరకం కార్బన్ ఉక్కు) షాఫ్ట్‌కి కీవే, అంటే షాఫ్ట్‌ని దాని మీది చక్రంతో కలిపి పట్టే చిన్న లోహపు ముక్క (కీ) కూర్చునే గాడి. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో చిన్న మెషిన్ షాపుల్లో ఇలాంటివి మామూలే. 12 ఎంఎం షాఫ్ట్‌కి 4×4 కీ పడుతుంది, అంటే గాడి వెడల్పు 4, షాఫ్ట్‌లో లోతు 2.5. పొడవు 20 అనుకుందాం.

సైడ్ మిల్లింగ్‌లో కట్టర్ పన్ను కొద్దిసేపు కోసి బయటికొస్తుంది, ఆ మిగతా తిరుగుడంతా చల్లబడుతుంది. గాడిలో అలా కాదు, కట్టర్ ముందు సగం ఎప్పుడూ లోహంలోనే ఉంటుంది, ఒక గోడ మీద క్లైంబ్ (జాబ్ కదిలే వైపే పన్ను కోయడం), రెండో గోడ మీద కన్వెన్షనల్ (దానికి ఎదురు కోయడం), చిప్స్ పోవడానికి పైకి తప్ప వేరే దారి లేదు. దీనివల్ల కటింగ్ స్పీడ్‌ని సైడ్ మిల్లింగ్ కంటే 20 నుంచి 30 శాతం తగ్గించుకుంటాం. కోటెడ్ కార్బైడ్ (పూత పూసిన, బాగా గట్టి కట్టర్)కి ఈఎన్8 మీద సైడ్ మిల్లింగ్‌లో నిమిషానికి 110 మీటర్లు వాడుతుంటే ఇక్కడ 80 పెట్టండి. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టర్ అయితే 22 చాలు.

ఆర్‌పీఎం = కటింగ్ స్పీడ్ × 318 ÷ కట్టర్ డయా. వెయ్యిని π (3.1416)తో భాగిస్తే వచ్చేదే ఆ 318, గుర్తుపెట్టుకుంటే జీవితమంతా పనికొస్తుంది. కార్బైడ్‌కి 80 × 318 ÷ 4 = 6360. హెచ్‌ఎస్‌ఎస్‌కి 22 × 318 ÷ 4 = సుమారు 1750.

స్పీడ్ అయిపోయింది. నిజానికి స్పీడ్ తప్పయితే కట్టర్ త్వరగా అరుగుతుంది, అంతే. సన్న కట్టర్ పుటుక్కున విరిగిందంటే మాత్రం మామూలుగా కారణం ఫీడ్ (కోస్తూ ముందుకు జరిగే వేగం), చిప్స్ (తెగిన లోహపు తునకలు), రనౌట్ (కట్టర్ తిరిగేటప్పుడు అటూ ఇటూ ఆడటం), కొలెట్ (కట్టర్‌ని పట్టే బిగింపు) బయట వదిలిన పొడవు, ఈ నాలుగింట్లో ఉంటుంది.

ఫీడ్‌ని నిమిషానికి ఇన్ని ఎంఎం అని ఆలోచించడం మానేయండి. ఒక్కో పన్ను ఎంత మందం కోస్తోంది, అదే అసలు ప్రశ్న. ఉక్కులో సన్న గాడికి కార్బైడ్ అయితే కట్టర్ డయాలో 0.4 శాతం దగ్గర మొదలుపెట్టండి: 4 ఎంఎంకి 0.016. హెచ్‌ఎస్‌ఎస్‌కి 0.012. టేబుల్ ఫీడ్ = ఆర్‌పీఎం × పళ్లు × పన్నుకి ఫీడ్. రెండు పళ్ల కార్బైడ్‌కి 6360 × 2 × 0.016, అంటే నిమిషానికి 200 ఎంఎం దరిదాపు. హెచ్‌ఎస్‌ఎస్ స్లాట్ డ్రిల్ (గాడులు తీసే రెండు పళ్ల కట్టర్)కి 1750 × 2 × 0.012 = 42.

మీ మెషిన్ 4000 దాటదా? కంగారు పడకండి, కార్బైడ్‌ని 4000 మీదే తిప్పండి, కటింగ్ స్పీడ్ 50 మీటర్లు వస్తుంది, పని జరుగుతుంది. కానీ ఫీడ్ కూడా దాంతోపాటే దిగాలి: 4000 × 2 × 0.016 = 128. ఆర్‌పీఎం తగ్గించి ఫీడ్‌ని 200 దగ్గరే వదిలేస్తే పన్నుకి 0.025 పడుతుంది, అది ఈ కట్టర్‌కి ఎక్కువ.

చాలామంది ఆపరేటర్లు దీనికి ఉల్టా చేస్తారు, భయమేసి ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్‌ని 30 శాతానికి తిప్పేసి సేఫ్ అనుకుంటారు. సేఫ్ కాదు. 0.016 కాస్తా 0.005 అవుతుంది, పన్ను అంచుకి కూడా చిన్న గుండ్రం ఉంటుంది కాబట్టి అంత పల్చటి పొరని అది కోయదు, రుద్దుతుంది. వేడి పుడుతుంది, అంచు అరుగుతుంది, చిప్స్ బదులు పొడి రాలుతుంది. స్టెయిన్‌లెస్‌లో అయితే రుద్దిన చోట గట్టిపడి తర్వాతి పన్నుని కూడా తినేస్తుంది. అనుమానంగా ఉంటే ఫీడ్ కాదు, లోతు తగ్గించండి.

ఇప్పుడు రనౌట్. కొలెట్‌లో కట్టర్‌ని పెట్టి డయల్ గేజ్‌తో చూస్తే 0.01 ఆడుతోందనుకోండి. పెద్ద కట్టర్‌కి దాన్ని పట్టించుకోం. ఇక్కడ పన్నుకి ఫీడ్ 0.016 మాత్రమే, కాబట్టి రనౌట్ సరిగ్గా పళ్ల వరసలో పడితే ఒక పన్ను 0.026 కోస్తుంది, రెండోది 0.006 మాత్రమే. ఒకటి మోస్తుంది, ఒకటి రుద్దుతుంది. స్పీడ్ ఫీడ్ లెక్క ఎంత బాగా చేసినా దీని ముందు దండగే. కొలెట్‌ని, నట్‌ని, టేపర్‌ని తుడిచి మళ్లీ బిగించి చూడండి, 0.005 లోపలికి వస్తే మొదలుపెట్టండి.

బయట వదిలే పొడవు సంగతి: కట్టర్ వంగడం పొడవు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. 12 ఎంఎం సరిపోయే చోట 15 వదిలితే దాదాపు రెండింతలు వంగుతుంది. 2.5 లోతు గాడికి 25 ఎంఎం బయటపెట్టిన కట్టర్లు చూస్తుంటాం, ఎందుకో అర్థం కాదు.

లోతు ఒకేసారి దించొద్దు. కార్బైడ్‌కి 1.25 చొప్పున రెండు పాస్‌లు, హెచ్‌ఎస్‌ఎస్‌కి 0.8, 0.8, 0.9 అని మూడు. దిగేటప్పుడు ర్యాంప్ (ముందుకు నడుస్తూ ఏటవాలుగా దిగడం) మేలు: 20 ఎంఎం గాడిలో కట్టర్ సెంటర్ నడిచేది 16 ఎంఎం, 2 డిగ్రీల ర్యాంప్‌కి ఒక వైపు వెళ్లేసరికి 0.56 దిగుతుంది. ర్యాంప్ కుదరని మాన్యువల్ మెషిన్ మీద సెంటర్ కటింగ్ ఉన్న (కింది కొసన మధ్య దాకా పన్ను ఉండే) కట్టరే వాడి, మామూలు ఫీడ్‌లో మూడో వంతుతో నిదానంగా దించండి.

చిప్స్ గాడిలోనే ఉండిపోతే పన్ను వాటినే మళ్లీ నమలాల్సి వస్తుంది, అక్కడే కట్టర్ విరుగుతుంది. కోటెడ్ కార్బైడ్‌కి సరిగ్గా గాడిలోకి గురిపెట్టిన గాలి కూలెంట్ కంటే మంచిది. కూలెంట్ ఆగి ఆగి పడితే వేడి అంచుకి సన్న పగుళ్లు వస్తాయి. హెచ్‌ఎస్‌ఎస్‌కి మాత్రం కూలెంట్ ధారాళంగా పోయండి. రంగు కూడా చూడండి: కార్బైడ్ చిప్స్ గోధుమ రంగులోనో నీలంగానో వస్తే ఫర్వాలేదు, హెచ్‌ఎస్‌ఎస్ చిప్స్ నీలంగా మారాయంటే వెంటనే ఆర్‌పీఎం తగ్గించాలి.

చివరిగా కొలత. కీ బిగుతుగా కూర్చోవాలంటే డ్రాయింగ్‌లో పీ9 అనే టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ఉంటుంది, 4 ఎంఎంకి అది 3.958 నుంచి 3.988. సరిగ్గా 4.00 కట్టర్‌తో ఒకే పాస్‌లో తీస్తే గాడి 4 దాటిపోతుంది, కీ వదులవుతుంది. ఈ8 టాలరెన్స్ స్లాట్ డ్రిల్స్ ఇందుకే ఉన్నాయి, అవి 3.962 నుంచి 3.980 మధ్య ఉంటాయి. మైక్రోమీటర్‌తో కొలిస్తే 3.97 ఉందనుకోండి, రనౌట్ 0.005 కలిపితే గాడి 3.975 దగ్గర వస్తుంది, సరిపోయింది. అది దొరక్కపోతే 3 ఎంఎం కట్టర్‌తో మధ్యలో గాడి తీసి, అటూ ఇటూ వెడల్పు చేస్తూ గోడకి 0.1 వదిలి, రెండు గోడల్నీ క్లైంబ్‌లో విడివిడిగా ఫినిష్ చేయండి. టైమ్ ఎక్కువే, కానీ వెడల్పు మీ చేతిలో ఉంటుంది.

హోంవర్క్: 20 ఎంఎం ఈఎన్8 షాఫ్ట్, 6 ఎంఎం కీవే, లోతు 3.5. మెషిన్ 3000 ఆర్‌పీఎం దాటదు. హెచ్‌ఎస్‌ఎస్‌కి, కార్బైడ్‌కి విడివిడిగా ఆర్‌పీఎం, ఫీడ్, పాస్‌లు లెక్క కట్టండి, ఏ కట్టర్‌తో పని ముందు అవుతుందో కూడా చూడండి. జవాబు 5వ భాగంలో, స్లిటింగ్ సా (పల్చటి చక్రం లాంటి కట్టర్) గురించి మొదలుపెట్టే ముందు చెప్తాను.