పార్లమెంటుకు పెట్టిన అర్జీ కదలడం లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పెద్దల సిఫార్సు లేకపోయినా, సంఘం లెటర్‌హెడ్ లేకపోయినా, మామూలు మనిషి ఒక్క సంతకంతో లోక్‌సభకు అర్జీ పెట్టుకోవచ్చు. 1924లో, బ్రిటిష్ కాలపు కేంద్ర శాసనసభలో మొదలైన పిటిషన్ల (అర్జీలను పరిశీలించే) కమిటీ ఇప్పటికీ పనిచేస్తోంది. లోక్‌సభ కమిటీలో 15 మంది ఎంపీలు, రాజ్యసభ కమిటీలో 10 మంది ఉంటారు. ఇంత మంచి హక్కు చాలాసార్లు చిన్న చిన్న పొరపాట్ల వల్లే వృథా అవుతోంది.

సమస్య: నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు

ఎక్కువగా కనిపించే కారణం "కాపీ టు". అసలు ఉత్తరం ప్రధానమంత్రికో రైల్వే మంత్రికో రాసి, అడుగున స్పీకర్ పేరు చేర్చి తలా ఒక కాపీ పంపేస్తారు. ఫలానా పరిష్కారం కావాలని విడిగా కోరకపోతే అలాంటి కాపీలను కమిటీ మామూలుగా పట్టించుకోదు. పేరు, అడ్రసు లేనివీ, చదవడానికి వీల్లేనివీ అంతే.

అర్జీని నేరుగా లోక్‌సభను ఉద్దేశించి రాసి సెక్రటరీ జనరల్‌కు పంపండి. లేదా మీ ఎంపీ చేత సభలో పెట్టించండి. అప్పుడు దాని మీద ఆయన సంతకం కూడా ఉండాలి. ప్రతి సంతకందారు పూర్తి పేరు, అడ్రసు రాయాలి. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు. తెలుగులో రాస్తే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేసి, దాని మీద కూడా సంతకం పెట్టండి. సభ ఏం చేయాలని కోరుతున్నారో చివరి పేరాలో సూటిగా చెప్పండి. "తగు న్యాయం చేయగలరు" అంటే సరిపోదు.

సమస్య: చదివినవాళ్లకు బలంగా అనిపించడం లేదు

ఉత్తరాలు, అఫిడవిట్లు అర్జీకి జతచేయకూడదు. కాబట్టి తేదీలు, ఊళ్లు, జరిగిన నష్టం అన్నీ అర్జీలోనే ఉండాలి. ఆవేశం ఎంత ఉన్నా భాష మర్యాద తప్పకూడదు.

ఇక్కడ మనవాళ్ల చరిత్రే ఒకటుంది. మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి స్థాపించిన మద్రాస్ నేటివ్ అసోసియేషన్ 1852లో బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపింది. పన్నుల భారం, ఈస్టిండియా కంపెనీ పాలనలోని లోపాలు, రైతుల అగచాట్లు ఏకరువు పెట్టింది. శిస్తు కోసం రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణ మీద సంఘం పట్టు వదల్లేదు. చివరికి 1854లో విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. హింస నిజమేనని ఆ కమిషన్ 1855లో తేల్చింది. ఓటు హక్కే లేని జనం సాధించిన ఫలితం అది. ఓటు ఉన్న మనం నాలుగు తేదీలు సరిచూసుకుని రాయలేమా?

సమస్య: "మా పరిధిలోకి రాదు" అని జవాబు

కోర్టులోనో ట్రిబ్యునల్‌లోనో తేలాల్సిన విషయాలు, అసెంబ్లీలో అడగాల్సినవి, చట్టంలోనే వేరే దారి ఉన్నవి ఇక్కడ చెల్లవు. పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు లాంటివైతే తెలంగాణలో కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. అసెంబ్లీకి కూడా పిటిషన్ల కమిటీ ఉంది. మీ ఒక్కరి పీఎఫ్ క్లెయిమ్ ఆగిపోతే ముందు ఆ శాఖ ఫిర్యాదుల విభాగం తలుపు తట్టాలి. కేంద్రం చేతిలో ఉండి, అందరికీ సంబంధించిన విషయాలకే ఇక్కడ చోటు. ఊళ్లో రైలు ఆగకపోవడం అలాంటిదే. సభలో పెట్టిన బిల్లు మీదా అర్జీ ఇవ్వవచ్చు.

సమస్య: ఆన్‌లైన్‌లో వేల సంతకాలు, అయినా చలనం లేదు

ప్రైవేటు వెబ్‌సైట్‌లో చేసిన సంతకాలు పార్లమెంటుకు అర్జీ కావు. ఇన్ని సంతకాలు దాటితే చర్చ అనే లెక్క కూడా మన దగ్గర లేదు. ఆ పద్ధతి బ్రిటన్‌ది: పార్లమెంటు సొంత సైట్‌లో 10,000 సంతకాలకు ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. అక్కడ నివసిస్తున్న మన తెలుగువాళ్లూ వాటి మీద సంతకం చేయవచ్చు.

సమస్య: కమిటీ దాకా వెళ్లి ఆగిపోయింది

లోక్‌సభ రద్దయితే కమిటీ దగ్గర పెండింగ్‌లో ఉన్న అర్జీలూ రద్దవుతాయి. కొత్త సభకు మళ్లీ పెట్టుకోవాల్సిందే. సభ గడువు దగ్గరపడితే రాజ్యసభకు పెట్టడం మేలు, దానికి రద్దు లేదు. కమిటీ సిఫార్సు చేసినా ప్రభుత్వం వెంటనే అమలు చేయాలనేం లేదు. మాజీ సైనికులకు, ఎప్పుడు రిటైరైనా, "ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్" ఇవ్వాలని రాజ్యసభ కమిటీ 2011 డిసెంబరులో చెప్పింది. ఉత్తర్వు వచ్చింది 2015 నవంబరులో. ఈలోగా మాజీ సైనికులు రోడ్డెక్కాల్సి వచ్చింది. మీ విషయంలో సిఫార్సు రాగానే ఆ రిపోర్టు కాపీ సంపాదించి మీ ఎంపీకి ఇవ్వండి. అమలు ఎంతవరకు వచ్చిందో సభలో ప్రశ్న వేయమని అడగండి.