ఏ టీ పెట్టినా పుదీనా వాసనే: నాకు కుదిరిన పరిష్కారం

మల్లె టీ పెట్టినా, ఎర్ల్ గ్రే (నిమ్మజాతి పండు వాసన పట్టించిన బ్లాక్ టీ) పెట్టినా చివరి గుక్కలో పుదీనా తగిలేది. నీళ్లు మార్చాను, ఆకు ఎక్కువ వేశాను, కొత్త ప్యాకెట్ కూడా తెరిచాను, లాభం లేదు.

ఒకరోజు ఆకు వేయకుండా, పుదీనా టీతో సహా అన్ని టీలూ పెట్టుకునే నా జాలీ కప్పులో (ఆకు వేసే జాలీ, మూత ఉన్న కప్పు) వట్టి వేడినీళ్లు పోసి మూతపెట్టి, 5 నిమిషాలు ఆగి తాగి చూశాను. పుదీనా! దొంగ దొరికాడు: మూతకున్న సిలికాన్ రింగు.

ముందు రింగును ఊడదీశాను (చెంచా కొనతో, చేత్తో అయితే అస్సలు రాదు). అర లీటరు వేడినీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి రింగునూ, జాలీనీ రాత్రంతా నానబెట్టాను. పొద్దున బాగా కడిగి, సాయంత్రం దాకా ఎండలో ఉంచాను. మళ్లీ వట్టి నీళ్ల పరీక్ష. కొంచెం వాసన మిగిలింది. ఇంకోసారి నానబెడితే పోయింది.

టీ ఆకు పక్కనున్న వాసనను ఇట్టే పీల్చుకుంటుంది, అసలు మల్లె టీ తయారయ్యేదే అలా. కాబట్టి మీ ఆకులు డబ్బాలోనే ఒకదాని వాసన ఒకటి పట్టేసి ఉంటే ఇది పనిచేయకపోవచ్చు. కప్పు పూర్తిగా గాజుదై, సిలికాన్ రింగు లేకపోతే కారణం వేరే వెతకాలి. నేనైతే పుదీనాకి విడిగా ఒక కప్పు పెట్టేశాను.