మాజీ సైనికుల పేర్లతో ఒంటరి భూప్రదక్షిణ: విశాఖ మజిలీకి ఏర్పాట్లు

మాజీ సైనికుల పేర్లు రాసిన కాగితాలు వెంటపెట్టుకుని ఒక పైలట్ చిన్న విమానంలో ఒంటరిగా భూమి చుట్టి వస్తూ విశాఖలో ఆగాలంటే, ఏర్పాట్లు పేర్లతో మొదలుపెట్టండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మాజీ సైనికుల్నీ, వీరనారుల్నీ (అమర సైనికుల భార్యల్నీ) కలిసి రాతపూర్వక అంగీకారం తీసుకోండి. హోదా, రెజిమెంటు వివరాలు డిశ్చార్జి బుక్కు (సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం) చూసి రాయాలి. హోదా తప్పు పడితే ఆ కుటుంబం నొచ్చుకుంటుంది. సర్వీసు నంబరు మాత్రం అచ్చు వేయొద్దు.

పేజీకి 40 చొప్పున వెయ్యి పేర్లకు 25 ఏ4 కాగితాలు, బరువు సుమారు 125 గ్రాములు. పతకాలు, ఒరిజినల్‌వి, విమానంలో పెట్టడానికి అడగకండి. విమానం సముద్రంలో దిగాల్సొస్తే అవి మళ్లీ దొరకవు. కాగితాలు ఇనుప పెట్టెలో పెట్టి దిక్సూచి దగ్గర ఉంచితే దిక్కు తప్పు చూపిస్తుంది.

అసలు బరువు ఇంధనానిది. గంటకు 40 లీటర్లు తాగే పిస్టన్ విమానానికి 200 లీటర్ల అదనపు ట్యాంకు 5 గంటలు వస్తుంది. ఏవ్‌గ్యాస్ (పిస్టన్ విమానాల పెట్రోలు) లీటరు సుమారు 0.72 కిలోలు, మొత్తం 144 కిలోలు. ట్యాంకు వెనక సీటు చోట ఉంటే గురుత్వ కేంద్రం వెనక్కి జరుగుతుంది. హద్దు దాటితే, స్టాల్ అయిన (రెక్కలు పైకి ఎత్తే శక్తి కోల్పోయిన) విమానం తేరుకోవడం కష్టం. ప్రతి మజిలీలో ఈ లెక్క మళ్లీ వేయాల్సిందే. లైఫ్ రాఫ్ట్ (ప్రాణరక్షక తెప్ప) ట్యాంకు వెనక కాదు, చేతికందేచోట ఉండాలి.

విశాఖలో ఐఎన్‌ఎస్ డేగా నౌకాదళ స్థావరం. అక్కడ దిగాలంటే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ)తో పాటు నౌకాదళం అనుమతి కూడా ముందే అడగండి. ఏవ్‌గ్యాస్ డ్రమ్ములూ ముందే మాట్లాడుకోవాలి. పొరపాటున జెట్ ఇంధనం పోస్తే టేకాఫ్‌లోనే ఇంజన్ ఆగిపోవచ్చు; నింపేటప్పుడు పైలటే పక్కన నిలబడాలి.

అక్టోబరు, నవంబరు వద్దు. అవి తుఫాన్ల నెలలు; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఇక్కడి విమానాశ్రయం పైకప్పునే చీల్చేసింది. ఫిబ్రవరి మేలు.

బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర పేర్లు చదవడానికి ఉదయం ఏడింటికే పెట్టుకోండి. పేరుకు 5 సెకన్లు, వంద పేర్లకు 8 నిమిషాలు పైనే. పెద్దవాళ్లకు కుర్చీలు, నీడ, మంచినీళ్లు తప్పనిసరి.