కొత్త ల్యాప్‌టాప్: పవర్ సెట్టింగ్‌లు, రోజువారీ జాగ్రత్తలు

కొత్త ల్యాప్‌టాప్‌ను పెట్టెలోంచి బయటికి తీయగానే చాలామందికి వినిపించే సలహా ఒకటుంది: మొదట ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలని, ఆ తరువాత బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా వాడి మళ్లీ నింపాలని. ఇది నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండేవి 1991లో మార్కెట్లోకి వచ్చిన లిథియం-అయాన్ రకం బ్యాటరీలు. వీటిని సున్నాకు దించడం వల్ల మేలు జరగకపోగా, మాటిమాటికీ అలా చేస్తే ఆయుష్షు తగ్గుతుంది. కొన్ని మోడళ్లు మొదటిసారి ఆన్ కావడానికి చార్జర్ తగిలించవలసి ఉంటుంది కానీ, ఆ తరువాత ఎంత ఛార్జి ఉంటే అంతతోనే నిశ్చింతగా పని మొదలుపెట్టవచ్చు.

ఈ బ్యాటరీలను తొందరగా ముసలివి చేసేవి ముఖ్యంగా రెండు: ఒకటి వేడి, రెండవది రోజుల తరబడి నూరు శాతం నిండి ఉండడం. పూర్తిగా నిండిన సెల్‌లో వోల్టేజి 4.2 వోల్టుల వరకు, కొన్ని రకాల్లో ఇంకొంచెం పైకి చేరుతుంది. ఆ స్థితిలో లోపల జరగకూడని రసాయన చర్యలు వేగం పుంజుకుని, బ్యాటరీ పట్టగలిగే ఛార్జి కొద్దికొద్దిగా తరుగుతూ పోతుంది. ప్లగ్‌లోనే ఉంచితే ఓవర్‌ఛార్జ్ అవుతుందేమోనని భయపడనక్కర లేదు, ఎందుకంటే నిండగానే ఛార్జింగ్‌ను ఆపే సర్క్యూట్ లోపలే ఉంటుంది. అసలు నష్టం వేడిగా ఉన్న యంత్రంలో అది అలా నిండుగా కూర్చోవడంలో ఉంది.

కాబట్టి రోజంతా బల్ల మీదే ప్లగ్‌లో పెట్టి పనిచేసేవారు మొట్టమొదట చేయవలసిన పని ఛార్జింగ్‌కు పరిమితి పెట్టుకోవడం. తయారీ సంస్థలు ల్యాప్‌టాప్‌తో పాటు ఇచ్చే సొంత యాప్‌లో గానీ, విండోస్ మొదలవక ముందే తెరుచుకునే మూల సెట్టింగ్‌ల తెర అయిన బయోస్‌లో గానీ చాలా మోడళ్లకు 80 శాతం దగ్గర ఆగే ఏర్పాటు ఉంటుంది. అది ఒక్కో సంస్థ దగ్గర ఒక్కో పేరుతో ఉంటుంది కనుక బ్యాటరీ విభాగంలో ఓపికగా వెతకాలి. మ్యాక్‌బుక్‌లలో ఆప్టిమైజ్డ్ బ్యాటరీ ఛార్జింగ్ అనే సెట్టింగ్ మీ అలవాటును గమనించి, 80 దాటి నింపడాన్ని తనంతట తానే వాయిదా వేస్తుంది. ప్రయాణం ఉన్న రోజున మాత్రం బయలుదేరే ముందు ఆ పరిమితి తీసేసి పూర్తిగా నింపుకోండి. అప్పుడప్పుడు నూరు శాతం నింపడంలో తప్పేమీ లేదు.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లోని పవర్ అండ్ బ్యాటరీలోకి వెళితే పవర్ మోడ్ కనిపిస్తుంది. మామూలు రాతకోతలకు, బ్రౌజింగ్‌కు బ్యాలెన్స్‌డ్ చాలు. వీడియో ఎడిటింగ్ వంటి బరువైన పని ఉన్నప్పుడు, అదీ ప్లగ్‌లో ఉన్నప్పుడు, బెస్ట్ పెర్ఫార్మెన్స్ పెట్టుకోవచ్చు. అంతకంటే స్పష్టమైన ఆదా స్క్రీన్ దగ్గర జరుగుతుంది. గదిలోని వెలుతురుకు సరిపడా బ్రైట్‌నెస్ తగ్గించి, సెకనుకు 120 సార్లు బొమ్మను మార్చే 120 హెర్ట్జ్ స్క్రీన్ అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు 60కి మార్చుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్‌ల మధ్య తేడాను మాత్రం ప్రతి ఒక్కరూ ఒకసారి శ్రద్ధగా తెలుసుకోవాలని నా అభిప్రాయం. స్లీప్‌లో మీ పని అంతా కరెంటు ఉన్నంతసేపే నిలిచే తాత్కాలిక మెమొరీ అయిన ర్యామ్‌లో ఉంటుంది, దాన్ని నిలుపుకోవడానికి కరెంటు కొద్దిగా ఖర్చవుతూనే ఉంటుంది. హైబర్నేట్‌లో అదంతా డిస్క్ మీదికి చేరి యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. పైగా ఈ మధ్య వస్తున్న చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లు స్లీప్‌లో ఉండి కూడా అప్‌డేట్‌ల కోసం, మెయిళ్ల కోసం మధ్యమధ్య మేలుకుంటాయి. నేను ఒకసారి మూత మూసి బ్యాగులో పెట్టుకుని రెండు గంటలు ప్రయాణించి, దిగాక తీసి చూస్తే అడుగుభాగం చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది, ఫ్యాన్ హోరుమంటోంది, నిండుగా ఉన్న బ్యాటరీ పదకొండు శాతానికి పడిపోయింది. గాలి ఆడని బ్యాగులో అంత వేడి బ్యాటరీకి చాలా చేటు. ఆ రోజే మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా మార్చుకున్నాను. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, ఎడమవైపు మూత మూసినప్పుడు ఏం జరగాలో ఎంచుకునే లింకు ఉంటుంది. అక్కడ బ్యాటరీకీ ప్లగ్‌కూ విడివిడిగా ఎంచుకోవచ్చు. స్టార్ట్‌లోని పవర్ మెనూలో కూడా హైబర్నేట్ కనిపించాలంటే, అదే పేజీలో ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగ్‌లను మార్చే లింకు నొక్కి, కింద హైబర్నేట్ పక్కన టిక్కు పెట్టి సేవ్ చేయాలి.

వేడి విషయంలో రోజువారీగా పాటించవలసినది, గాలి దారులను మూయకపోవడం. చాలా మోడళ్లు అడుగు నుండి గాలి పీల్చి, పక్కల నుండి గానీ వెనుక నుండి గానీ వదులుతాయి. పరుపు మీద, దిండు మీద పెడితే అడుగున ఉన్న చిన్న రబ్బరు కాళ్లు బట్టలోకి దిగబడి ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. మంచం మీదే పనిచేయవలసి వస్తే కింద ఒక చెక్క పలక పెట్టుకోండి. ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాప్‌ను వదలకండి.

చార్జర్ విషయానికి వస్తే, యూఎస్‌బీ-సీ అయినంత మాత్రాన ప్రతిదీ పనికిరాదు. దాని మీద ముద్రించిన వాట్లను చూడండి: 65 వాట్లు కోరే ల్యాప్‌టాప్‌కు 30 వాట్ల చార్జర్ పెడితే మెల్లగా ఎక్కుతుంది, బరువైన పని చేస్తుంటే ప్లగ్‌లో ఉండగానే ఛార్జి తగ్గవచ్చు కూడా. ఎక్కువ వాట్ల నాణ్యమైన చార్జర్ వల్ల హాని లేదు, ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే తీసుకుంటుంది.

తుడిచేటప్పుడు ఆఫ్ చేసి, చార్జర్ తీసి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను కొంచెం తడిపి స్క్రీన్ మీద తేలికగా ఆడించాలి. ద్రవాన్ని నేరుగా స్క్రీన్ మీద చల్లకూడదు, అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలు అసలే వద్దు. మూత మూసే ముందు కీబోర్డును ఒక్కసారి చూడండి. అక్కడ మరచిన పెన్నో ఇయర్‌ఫోనో చాలు స్క్రీన్ పగలడానికి.

మొదటి వారంలోనే బ్యాటరీ నివేదిక ఒకటి తీసి దాచుకోండి. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే మాటను ఆంగ్ల అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, దానికి ఆనించి బ్యాటరీరిపోర్ట్ అని ఒకే పదంగా టైపు చేస్తే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ (తయారీలో అనుకున్న సామర్థ్యం), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిండుగా పట్టగలిగేది) అనే రెండు అంకెలుంటాయి. ఆరు నెలలకొకసారి కొత్త నివేదికతో పోల్చితే తరుగుదల ఎంతో తెలుస్తుంది. అంకెలు ఎలా ఉన్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, నొక్కితే బిగుసుకుపోయినట్టు, లేదా మూత సరిగా మూసుకోనట్టు అనిపిస్తే బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అప్పుడు వెంటనే చార్జర్ తీసి, ఆఫ్ చేసి, ఉబ్బిన చోట నొక్కకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లాలి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు సేకరించేవారికే అప్పగించాలి.