పిన్ని ‘వినియోగదారు’ అవునా, కాదా? చట్టంలో మాటకు అర్థం వెతికే తీరు

మా పిన్ని ఎంబ్రాయిడరీ మిషన్ కొన్న నాలుగో నెలలోనే మోటారు కాలిపోయింది. వారంటీ ఉంది కదా అని అడిగితే, అమ్మినవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: "మీరు వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి చట్టప్రకారం వినియోగదారు కారు." ఆ కాగితం పట్టుకుని పిన్ని టెన్షన్ పడుతూ మా ఇంటికి వచ్చింది. "డబ్బులు కట్టింది నేను, వాడుతున్నది నేను. మరి వినియోగదారు ఎవరటమ్మా?" అని అడిగింది.

కోర్టు కాగితాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చడం నా ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే పని. ఈ ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటి ఉంది. చట్టంలో మాట మనం రోజూ వాడే మాటలాగే కనిపిస్తుంది, కానీ దాని హద్దులు ఆ చట్టమే గీసుకుంటుంది. నిఘంటువు తీస్తే ఆ హద్దులు దొరకవు.

అందుకని పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, కేంద్ర ప్రభుత్వ చట్టాలన్నీ ఉండే ఇండియా కోడ్ వెబ్‌సైట్ తెరిచి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తీశాను. నిర్వచనాలు సాధారణంగా 2వ సెక్షన్‌లో ఉంటాయి. ఆస్తి బదిలీ చట్టం లాంటి పాత చట్టాల్లో 3వ సెక్షన్‌లో కనిపిస్తాయి. ఒక్కోసారి ఒక అధ్యాయానికి మాత్రమే వర్తించే నిర్వచనం ఆ అధ్యాయం మొదట్లోనే ఉంటుంది, కాబట్టి అక్కడ కూడా ఒక చూపు వేయాలి.

దొరికిన నిర్వచనాన్ని నేను చేత్తో నోటుబుక్కులో రాసుకుంటాను. ‘లేదా’, ‘కానీ’, ‘అయితే’ వచ్చిన ప్రతిచోటా కొత్త లైను మొదలుపెడతాను. పిన్ని చేత కూడా అలాగే రాయించాను. మొదటి లైను: ప్రతిఫలం చెల్లించి సరుకు కొన్న వ్యక్తి వినియోగదారు. రెండో లైను: కానీ తిరిగి అమ్మడానికి గాని, వాణిజ్య ప్రయోజనం కోసం గాని కొన్న వ్యక్తి అందులోకి రాడు. అమ్మినవాళ్లు ఇంతవరకే చదివి ఉత్తరం రాశారు. కింద ‘వివరణ’ అని ఇంకో ముక్క ఉంది. స్వయం ఉపాధి ద్వారా, కేవలం జీవనోపాధి కోసం తాను కొని తానే వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కాదు అని అందులో స్పష్టంగా ఉంది. ఆ లైను రాస్తుంటే పిన్ని చెయ్యి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదువుకుంది.

నిర్వచనాన్ని సగంలో ఆపకూడదని నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది అందుకే. మినహాయింపు వచ్చాక దానికి మళ్లీ మినహాయింపు ఉండొచ్చు.

తర్వాత చూడాల్సింది క్రియ. ‘అనగా’ అని ఉంటే, చెప్పినంతే అర్థం, బయటిదేదీ లోపలికి రాదు. ‘చేరి ఉంటుంది’ అని ఉంటే, మామూలు అర్థం అలాగే ఉంటూ దానికి ఇంకొన్ని కలిశాయని. కేంద్ర చట్టాల్లో వచ్చే మాటలకు ఉమ్మడి అర్థాలు చెప్పే 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో, స్థిరాస్తిలో భూమి, భూమి వల్ల కలిగే లాభాలు, భూమికి అంటుకుని ఉన్నవి చేరతాయని ఉంది. ఆస్తి బదిలీ చట్టం మాత్రం స్థిరాస్తి ఏమిటో చెప్పకుండా, ఏది కాదో చెప్పి ఊరుకుంది: కలపకు పనికొచ్చే నిలువు చెట్లు, ఎదుగుతున్న పంట, గడ్డి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే గానీ బొమ్మ పూర్తికాదు. కాయల కోసం ఉంచుకునే మామిడి చెట్టు స్థిరాస్తి లెక్కలోకి వస్తుంది. త్వరలో కొట్టి కలపగా అమ్మబోయే టేకు చెట్టు రాదు.

ఒక చట్టంలోని అర్థాన్ని ఇంకో చట్టానికి మోసుకెళ్లకండి. విద్యాహక్కు చట్టంలో బాలలంటే 6 నుంచి 14 ఏళ్లవాళ్లు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టంలో 18 నిండనివాళ్లంతా బాలలే. బాల్యవివాహ నిషేధ చట్టంలో అబ్బాయైతే 21 నిండేదాకా బాలుడే. ‘సద్భావం’ (ఇంగ్లీషులో గుడ్ ఫెయిత్) అనే మాట ఇంకా జాగ్రత్తగా చూడాలి. జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం నిజాయితీగా చేస్తే చాలు, అజాగ్రత్త ఉన్నా అది సద్భావమే. నేరాలు, శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహిత ప్రకారం తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది సద్భావం కానే కాదు. తెలుగులో రెండింటికీ ఒకే మాట రాస్తాం, కేసు ఫలితం మాత్రం తారుమారు కావచ్చు.

చట్టంలో నిర్వచనమే లేకపోతే జనరల్ క్లాజెస్ చట్టం 3వ సెక్షన్ తీయండి. రాష్ట్ర చట్టాలకైతే రాష్ట్రాల సొంత జనరల్ క్లాజెస్ చట్టాలు ఉంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చెక్ బౌన్స్ కేసు కాగితాల్లో ‘ఒక నెల’ అని ఉన్నచోట నేను ‘30 రోజులు’ అని రాశాను. రెండూ ఒకటే అనుకున్నాను. మా సీనియర్ ఎర్ర సిరాతో కొట్టేసి, నన్ను పిలిచి క్యాలెండర్ ముందు పెట్టారు. చెక్ బౌన్స్ సెక్షన్లలో నోటీసు ఇవ్వడానికి 30 రోజులు, ఫిర్యాదు వేయడానికి ఒక నెల అని వేర్వేరుగా ఉంది. జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం నెల అంటే క్యాలెండర్ నెల. ఫిబ్రవరి 15న మొదలైన నెల, ఆ మొదటి రోజు వదిలేసి లెక్కేస్తే, మార్చి 15తో అయిపోతుంది. 30 రోజులైతే, లీపు సంవత్సరం కాకపోతే, మార్చి 17 దాకా వెళ్తుంది. నా తర్జుమా నమ్ముకుని ఎవరైనా 17న కోర్టుకు వచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అక్కడా దొరకకపోతే జనం వాడే అర్థమే చట్టం అర్థం. తమలపాకు కూరగాయేనా అన్న అమ్మకపు పన్ను వివాదం 1961లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వృక్షశాస్త్రం ఏమంటుందో కాదు, కూరగాయ అంటే జనం ఏమనుకుంటారో చూడాలి అని కోర్టు తేల్చింది. తమలపాకు కూరగాయ కాదంది.

చివరిగా తీర్పులు చూడాలి. పిన్ని దగ్గర సాయానికి ఒక అమ్మాయి పనిచేస్తుంది. "జీతం ఇచ్చి మనిషిని పెట్టుకున్నాను కదా, దాంతో వ్యాపారం అయిపోతుందా?" అని ఆవిడ భయం. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే సంగతి విప్పి చెప్పింది. బతుకుతెరువు కోసం తానే నడుపుకోవడానికి ఆటో గాని, మిషన్ గాని కొన్నవాళ్లు ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన వినియోగదారు కాకుండా పోరు. అప్పుడున్నది 1986 నాటి చట్టం, కానీ ఈ వివరణ అందులోనూ ఉంది.

ఆ రోజు సాయంత్రమే ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాం. మొదటి పేరా పిన్నే చెప్పింది, నేను రాశాను: "ఈ మిషన్ నేనే కొన్నాను, దాని మీద నేనే కూర్చుని కుడతాను. నా బతుకుతెరువు ఇదొక్కటే. సాయానికి ఒక అమ్మాయి ఉంది."