ఓడ పిరేయస్‌లో ఆగిన ఒక్క రోజులో ఏథెన్స్ నగరాన్ని చూడడం ఎలా?

మధ్యధరా సముద్రంలో తిరిగే క్రూజ్ ఓడల ప్రయాణపట్టికలో ఏథెన్స్ అని రాసి ఉన్నా, ఓడ నిజానికి ఆగేది ఆ నగరానికి నైరుతి దిక్కున సుమారు పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిరేయస్ రేవులో. ఉదయం దిగి సాయంత్రం ఎక్కే ప్రయాణికుడికి రానూపోనూ ప్రయాణం పోగా నగరంలో మిగిలేది ఆరు గంటలకు మించదు. అందువల్ల ఏథెన్స్ మొత్తాన్ని చూడాలనే ఆశ వదులుకుని, ప్రాచీన ఆలయాలున్న అక్రోపోలిస్ కొండను, దాని చుట్టుపక్కల వీధులను మాత్రమే తీరిగ్గా చూడడం మేలని నా అభిప్రాయం.

పని ఇంటి దగ్గరే మొదలవుతుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి గ్రీసులో దిగడానికి, ఐరోపాలోని పలు దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాలి. ఓడ మధ్యలో, ఆ దేశాల్లో చేరని టర్కీ రేవుకు వెళ్లి మళ్లీ గ్రీసుకు వచ్చేటట్లయితే ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా సరిపోదు కాబట్టి, పలుమార్లు ప్రవేశించే వీలున్న వీసా కోరాలి. తరువాత అక్రోపోలిస్ టికెట్టును అధికారిక వెబ్‌సైటులో ముందే కొనుక్కోవాలి. రోజుకు 20,000 మందికి మించి పోనివ్వకూడదన్న నియమం 2023లో వచ్చినప్పటి నుంచి ప్రతి టికెట్టుకూ ఒక ప్రవేశ సమయం ఉంటోంది. ఓడ రేవుకు చేరే వేళకు కనీసం రెండు గంటల తరువాతి సమయం ఎంచుకుంటే, దిగడంలో ఆలస్యమైనా టికెట్టు వృథా కాదు. అలాగని మధ్యాహ్నానికి వాయిదా వేయవద్దు. ఎండలు ముదిరిన రోజుల్లో అధికారులు కొండను మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఐదింటి దాకా మూసివేసిన సందర్భాలు ఇటీవలి వేసవుల్లో ఉన్నాయి.

రోజు ప్రణాళికను చివరి నుంచి వెనక్కి లెక్క వేయాలి. ఓడ ఆరింటికి బయలుదేరుతుందంటే ప్రయాణికులందరూ అయిదున్నర లోపే ఎక్కాలని ఓడవారు చెబుతారు. ఆలస్యాలకు ఒక గంట వదిలి నాలుగున్నరకు రేవులో ఉండాలంటే మూడింటికల్లా నగరంలో మెట్రో ఎక్కాలి. ఓడలోని గడియారం, ఊరి గడియారం ఒకే సమయం చూపిస్తున్నాయో లేదో దిగేముందు సరిచూసుకోండి, ఎందుకంటే ఫోను తనంతట తాను సమయం మార్చుకుంటుంది గాని ఓడ మారకపోవచ్చు.

ఓడ దిగిన తరువాత రేవు ద్వారం దగ్గర టాక్సీ ఎక్కవచ్చు, లేదా మూడో మెట్రో మార్గంలోని దిమోతికో థియాత్రో స్టేషన్ దాకా నడవవచ్చు. ఆ మార్గం 2022లో పిరేయస్ వరకు వచ్చింది. సిన్‌తాగ్మా స్టేషన్‌లో దిగి రెండో మార్గంలోకి మారితే తరువాతి స్టేషనే అక్రోపోలి. మెట్రోలో జేబుదొంగల బెడద ఉంది కాబట్టి పర్సు వెనుక జేబులో పెట్టకండి.

కొండకు దక్షిణ వాలున ఉన్న ద్వారం నుంచి ఎక్కితే దారిలో దియోనిసస్ నాటకశాల కనిపిస్తుంది. తరతరాలుగా కాళ్లు అరగదీసిన పాలరాయి నున్నగా జారుతుంది కనుక రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి. కొండపైనున్న అథీనా దేవత ఆలయం పార్థెనాన్ నిర్మాణం క్రీ.పూ. 447లో మొదలై, శిల్పాలతో సహా 432 నాటికి పూర్తయింది. తరువాత అది చర్చిగా, మసీదుగా మారింది. 1687లో వెనిస్ సైన్యం వేసిన గుండు, ఆలయం లోపల నిల్వ ఉన్న తుపాకీమందుకు తగిలి కట్టడం మధ్యభాగం పేలిపోయింది. దూరం నుంచి సూటిగా కనిపించే ఈ ఆలయంలో గీతలేవీ సూటిగా ఉండవు. ఒక మూల నిలబడి మెట్ల అంచు వెంబడి ఓరగా చూస్తే నేల మధ్యలో కొంచెం ఉబ్బి ఉండడం తెలుస్తుంది. ఫొటోల తొందరలో చాలామంది దీన్ని గమనించకుండానే దిగిపోతారు. దక్షిణపు గోడ దగ్గరికి వెళ్తే, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున, మీరు దిగి వచ్చిన సముద్రతీరం కూడా కనిపిస్తుంది.

కొండ దిగిన వెంటనే, 2009లో తెరిచిన అక్రోపోలిస్ మ్యూజియానికి గంటన్నర కేటాయించాలి. ఎరెక్థియాన్ ఆలయ మంటపాన్ని తలపై మోసిన ఆరుగురు స్త్రీమూర్తుల అసలు శిల్పాల్లో అయిదు ఇక్కడున్నాయి. కొండపై మీరు చూసినవి నకళ్లు. ఆరో శిల్పం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, దాని చోటు ఇక్కడ ఖాళీగా ఉంచారు.

భోజనానికి, కొండ పక్కనే ఉన్న పాతపేట ప్లాకా వీధుల్లోకి నడవండి. శాకాహారులు ‘ఫావా’ అడగవచ్చు. పప్పును మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె పోసి ఇచ్చే ఈ వంటకం మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టం. ‘హోర్తా’ అంటే ఉడికించి నిమ్మరసం పిండిన ఆకుకూర. బియ్యం కూరిన టమాటా ‘గెమిస్తా’లో కొన్నిచోట్ల కీమా కలుపుతారు కాబట్టి అడిగి తెలుసుకోవాలి. సమయం మిగిలితే, అనాఫి దీవి నుంచి వచ్చిన తాపీ పనివారు కొండవాలున కట్టుకున్న అనాఫియోతికా ఇళ్ల మధ్య ఇరుకు సందుల్లో కాసేపు తిరగవచ్చు.

మూడు గంటలు కాగానే మొనాస్తిరాకి స్టేషన్‌కు చేరి పిరేయస్ వైపు వెళ్లే మూడో మార్గం రైలు ఎక్కండి. ఓడవారు రోజూ ఇచ్చే కార్యక్రమ పత్రంలో, రేవులో ఓడ తరఫున పనిచేసే ప్రతినిధి ఫోను నంబరు ఉంటుంది. దాన్ని ఉదయమే కాగితం మీద రాసి, ఓడ కార్డు, పాస్‌పోర్టు నకలుతో పాటు దగ్గర ఉంచుకుంటే, మెట్రో ఆగిపోయినా టాక్సీ దొరక్కపోయినా ఓడకు వెంటనే కబురు పంపవచ్చు.